పగిలినవి ఇంటికి

పదకొండు పెట్టలు, ఒక పుంజు.
ఊరోళ్లు పుంజును లెక్కల పట్టరు,
నేను పడత. దానికీ నూకలు పొయ్యాలె గద.

ఆదివారం పొద్దుగాల బకెట్ల ఊక పోసి
ఒక వరుస గుడ్లు, మళ్ల ఊక, మళ్ల గుడ్లు,
ముప్పై రెండు.
ఐనవోలు నుంచి హన్మకొండ దాక
ఒళ్లె వెట్టుకొని కూసుంట, చంటిపిల్ల లెక్క.
స్పీడు బ్రేకరు కాడ బకెటును పైకి లేపుత,
నా నడుముకే దెబ్బ.

బాలసముద్రంల మూడో అంతస్తు మేడమ్
గుడ్డుకు పదిహేనా అంటది.
దుకాన్ల ఆరున్నరే గదా అంటది.
బస్సు మీకు ఫ్రీయే గదా, ఇంకో రెండు తగ్గియ్యి అంటది.
గిన్నెల నీళ్లు పోసి ఒక్కొక్కటే ముంచి చూస్తది.
మునిగితే ఆమెది, తేలితే నాది.
ఇప్పటిదాక ఒక్కటీ తేలలె.

ధర ఎట్ల చెప్పాలె?
నూకలు కిలో ఇరవై ఎనిమిది, అది చెప్పొచ్చు.
పొదుగుకు వచ్చిన పెట్ట నెల దినాలు గుడ్డు వెట్టది,
గంప కింద నా మీద కోపంతోని కూసుంటది, అది?
ఉగాది ముంగట కొక్కెర రోగమొచ్చి
మెడలు వాల్చిన తొమ్మిదిటిని
చెల్క గట్టున గుంత తీసి నేనే బొంద వెట్టిన.
ఆ తొమ్మిదిని ఏ గుడ్డు మీద వెయ్యాలె?
ముంగిస ఎత్కపోయిన నల్లపెట్ట?
కుక్క మొరిగినప్పుడల్ల
టార్చి పట్టుకొని లేచిన రాత్రులు?
గివన్నీ కలిపితే గుడ్డు ముప్పై అయితది.
ముప్పై అంటే నాకే నవ్వొస్తది.
పదిహేనంటె ఆమె పదమూడంటది,
పద్నాలుగు కాడ ఇద్దరం ఊపిరి తీసుకుంటం.

తిరిగొచ్చేటప్పుడు
చౌరస్తా కాడ తెల్లగుడ్లు ఒక డజను కొంట.
అగ్గువ. మా పిల్లలు తినేటివి అవే.
గిది ఎవ్వలకు చెప్పుకునే ముచ్చట గాదు.

మా అత్త ఎల్లవ్వకు కండ్లు సరిగ కానరావు,
లెక్క మాత్రం తప్పది.
గోడకు బొగ్గు గీతలు, పెట్టినన్ని, అమ్మినన్ని.
పగిలిన గుడ్డుకు గీత లేదు.
పగిలినవి ఇంటికి. ఆమె వెట్టిన చట్టమే అది.
బస్సు కుదుపుకు ఒకటో రెండో.
ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, చిటికెడు పసుపు,
నారింజ రంగు సొన.
ఆ పూట మా మణిదీపు
పెంక గీకేదాక లేవడు.

మొన్న శనివారం రాత్రి
దర్వాజ సందుకేలి చూసిన.
పోరడు బకెటు కాడ కూసున్నడు.
ఒక గుడ్డు తీసి చెవి కాడ వెట్టుకున్నడు.
చెంచతోని, మెల్లగ,
బడికి ఆలస్యమైనోడు తలుపు కొట్టినట్టు,
టిక్.
వెంట్రుకంత చీలిక.
మళ్ల ఊకల వెట్టి పైన కప్పిండు,
చేతులు లాగుకు తుడుసుకున్నడు.

కొట్టాల్నని చెయ్యి లేచింది.
పద్నాలుగు రూపాలు.
లేచిన చెయ్యితోని కొంగు సదురుకొని
వాకిట్లకు పోయి, దగ్గుకుంట లోపలికొచ్చిన.

ఆదివారం బస్సు ఖాళీ.
రోడ్డు కొత్తగ ఏసిండ్రు, ఒక్క గుంత లేదు.
డ్రైవరు కూడ ఎందుకో నెమ్మదిగ నడిపిండు.
ఊకల చెయ్యి వెట్టి
ఆ చీలిక గుడ్డును దేవి తీసిన.
ఒక్కటే.
వానికొక చెల్లె ఉన్నది, నాలుగేండ్లది.
అటూ ఇటూ చూసి
నా గాజుతోని ఇంకో గుడ్డును ముట్టిచ్చిన.

ఎన్ని పగిలినయే, అడిగింది అత్త.
రెండు.
రోడ్డు మస్తు ఖరాబున్నదత్తా, అన్న.
ఆమె బొగ్గు ముక్కను కింద వెట్టి
ఔ బిడ్డా,
ఆ రోడ్డు ఇప్పట్ల బాగుపడదు తియ్యి, అన్నది.