కిరణ దృశాశాస్త్రం, సగం దాకా

వినాయక చవితి సెలవు తర్వాత
ఫిజిక్స్ మాస్టారు రాలేదు.
డెప్యుటేషన్ మీద పాలకొండ వేశారన్నారు.
ఆయన చివరిసారి బోర్డు మీద గీసిన కుంభాకార కటకం
డిసెంబరు దాకా అలాగే ఉంది.
ఇటు పక్క నుంచి కిరణాలు వచ్చి తగిలాయి,
అటు పక్క ఎక్కడా కలవలేదు.
బోటనీ మేడమ్ కూడా దాన్ని చెరపకుండా
మిగిలిన సగంలోనే వేళ్లూ కాండాలూ గీసుకునేవారు.

ఇంటర్ పరీక్షకి గైడు సరిపోయింది.
నీట్‌కి సరిపోదని నాకు తెలుసు.
ఫారం నింపే నెట్ సెంటర్లో
పుట్టిన తేదీ అడిగారు, కులం అడిగారు,
ఎడమ బొటనవేలి ముద్ర అడిగారు.
నీకు ఎంతవరకు చెప్పారమ్మా అన్న గడి
కిందికీ పైకీ వెతికినా లేదు.

వచ్చే ఏడు రాయొచ్చు కదా అన్నారు అందరూ.
వచ్చే ఏడు మాస్టారు వస్తారని
ఒక్కరూ అనలేదు.

రాత్రిళ్లు అరుగు మీద ఫోన్ పట్టుకుని
ఎవరో ఎక్కడో చెప్పిన పాఠాలు విన్నాను.
కాంతి నీళ్లలోకి దిగింది, వంగింది,
బయటికి వచ్చేలోపు ఆ రోజు డేటా అయిపోయింది.

పక్కనే అమ్మమ్మ తవిటమ్మ
వాలుగ చేప దవడతో పత్తి ఏకుతోంది.
పొందూరులో పుట్టినదానికి ఆ పళ్ల వరస
చిన్నప్పటి నుంచీ దువ్వెన లాంటిదే.
"పూర్తిగా సదవకుండా పరీచ్చేటే?" అంది.
కాసేపటికి తనే అంది:
"పడుగైతే ముందల పూర్తవ్వాల గానీ
పేకదేటుంది, ఓపక్క నేస్తంటే
ఓపక్క వడుక్కోవచ్చు."
ఫిజిక్స్ పడుగా, పేకా అమ్మమ్మా?
రాట్నం తిప్పుతూ ఆలోచించింది.
దారం తెగింది.
అతికించే పనిలో పడి జవాబు మర్చిపోయింది.

మే నెల ఆదివారం, శ్రీకాకుళం.
గేటు దగ్గర చెప్పులు, జడ పిన్నులు, ముక్కుపుడక.
మణికట్టు మీది దారం కూడా తీయమన్నారు.
అమ్మమ్మ వడికింది, నూరో నంబరు నూలు, మూడు పేటలు.
వాళ్ల దగ్గర కత్తెర లేదు.
పళ్లతో కొరికాను.

జీవశాస్త్రం తొంభై,
ఏటి ఇసకలో పరిగెత్తినట్టు రాశాను.
కెమిస్ట్రీ నడిచాను.
ఫిజిక్స్ దగ్గర నిలబడిపోయాను.
తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది,
తెలీదని ఊరుకుంటే ఏమీ పోదు.
ఇంత దయగల లెక్క
నేను బయటెక్కడా చూళ్లేదు.

పంతొమ్మిది ప్రశ్నలు వదిలేశాను.
కాలేజీలో ఒక పోస్టు ఖాళీ,
నా కాగితం మీద పంతొమ్మిది వరసలు.

ఒకటి మాత్రం వదలబుద్ధి కాలేదు.
కుంభాకార కటకం,
వస్తువు ముప్పై సెంటీమీటర్ల దూరంలో.
రఫ్ వర్క్ జాగాలో
మా బోర్డు మీది బొమ్మే మళ్లీ గీశాను.
ఇటు పక్క కిరణాలు మాస్టారివి.
అటు పక్కవి స్కేలు లేకుండా నేను లాగాను.
వణుకుతూ వెళ్లి ఒకచోట కలిశాయి.
నాలుగు జవాబుల్లో దానికి దగ్గరగా ఒకటి ఉంది.
గుండ్రం నింపేశాను, బయటికి పోకుండా, నెమ్మదిగా.

చిలకపాలెం దగ్గర బస్సు ఆగితే
నాన్న డజను ముంజెలు కొన్నాడు.
ఎలా రాశావని అడగలేదు,
ముంజె వొలిచి చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చాక అమ్మమ్మే అడిగింది,
"అయిపోయిందేటే?"
పరీక్ష అయిపోయింది, అన్నాను.
ఖాళీ మణికట్టు చూసి
ఏమీ అనకుండా కండె అందుకుంది.

మర్నాడు పొద్దున్న,
రాట్నం చప్పుడు మొదలవ్వక ముందే,
ఆ పాఠం తెరిచాను.
ఇంక దాని మీద పరీక్షేమీ లేదు.
ఆ కిరణాలు
నిజానికి ఎక్కడ కలవాలో చూద్దామని.