నలభై సెకన్లు

మంగళవారం ఎనిమిదింటికి
కన్సెప్సియోన్‌లో వాన అడ్డంగా కురుస్తుంది.
కారుతున్న గొడుగు మూలన నిలబెట్టి
సన్వేసా మాస్టారు నల్లబల్ల మీద ఒక దూలం గీస్తారు:
ఒక గీత, ఈ కొసన త్రికోణం, ఆ కొసన సున్నా.
అంతే.
ఇల్లంతా దీని మీదే ఉందనుకోండి, అంటారు.

"ముందు కొయ్యండి.
కోసిన చోటల్లా బాణం గీయండి.
ఏ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుని ఉండేదో
తెంచాకే కదా లెక్క తేలేది."

మొదటి పరీక్షలో నాకు ఏడుకి రెండు పాయింట్ నాలుగు.
ఒక్క మైనస్ మింగేశాను,
నా దూలం మూడు టన్నుల కింద
పిల్లి వీపులా పైకి లేచింది.
పక్కన ఎర్ర సిరా:
"కయుపిల్, ఇలాంటిది ఎక్కడైనా కనబడితే
నాకూ చూపించమ్మా."

నాన్న తాల్కావానో రేవులో వెల్డరు.
ఆ కాగితం రొట్టె పక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.
సమీకరణాల జోలికి పోలేదు.
నా స్టీలు స్కేలు బల్ల అంచున అదిమిపట్టి
కొసని బొటనవేలితో వంచాడు.
"పైన సాగుతోంది, కింద నలుగుతోంది.
నడుమ ఒక పొరకి మాత్రం ఏ గొడవా పట్టదు.
ఈ ఇంట్లో అది నేనే."
అమ్మ నవ్వలేదు.

రెండో పరీక్ష. మూడో ప్రశ్న. రెండంతస్తుల ఫ్రేము.
కిటికీ అద్దాలు పళ్ళు కొరికాయి ముందు,
తర్వాత మా కుర్చీల కింద
ఎవరో బరువైన బీరువా ఈడ్చుకెళ్తున్నట్టు.
ముప్పై ఎనిమిది పెన్నులు ఆగాయి.
ఎవరూ లేవలేదు.
తలలెత్తి వేలాడే దీపాన్ని చూశాం.
భయపడ్డామో లేదో చెప్పలేను గాని
పెదాలు వాటంతటవే లెక్కపెడుతున్నాయి,
అటు, ఇటు, ఒకటి,
అటు, ఇటు, రెండు.
పక్కనున్న ఓస్వాల్దో గోడ మీద అరచెయ్యి పెట్టాడు
జ్వరం చూసినట్టు.

పెద్దది వచ్చిన రాత్రి నాకు నాలుగేళ్ళు.
గుర్తున్నది ఒక గుమ్మం,
అందులో నాన్న, రెండు చేతులూ ద్వారబంధానికి తన్నిపట్టి,
నేను ఆయన కాళ్ళ మధ్య.
ఏ గొడవా పట్టని పొరలా మాత్రం
లేడు.

దీపం నిలిచింది.
మాస్టారు గడియారం చూసుకుని
బల్ల మీద సుద్దతో రాశారు: నలభై సెకన్లు.
గంట కొట్టాక సరిగ్గా అంతే ఇచ్చారు,
ఒక్కటి ఎక్కువ కాదు.

గుర్తులన్నీ వేలుపెట్టి చూసుకుంటూ వచ్చాను.
ఒక బాణం తిరగబడి ఉంది. తిప్పాను.
ఇంకొకటి ఉందేమో అనుకునేలోగా
కాగితం లాగేసుకున్నారు.