గీత

తెల్లారగట్ల అయిదున్నర.
ఆరింటికి మందు. దానికంటె ముందే రక్తం.
మందెక్కినంక తీస్తే
అది మనిషి లెక్క కాదు, సూది లెక్క.

నల్లగొండ పెద్దాసుపత్రి, నాలుగో మంచం.
సుర్వి మారయ్య, యాభై రెండు.
మోకు తెగి తాటిచెట్టు మీంచి పడి పదకొండు రోజులు.
మూడు దినాలు ఫిట్సు ఆగలే.
ఆగినంక మనిషి లేవలే.

ఈ రక్తం చూసే మిషను ఇక్కడ లేదు.
మూత బిగించి, పేరు రాసి, టైము రాసి,
ఐసు డబ్బాల పెట్టి
మొదటి బస్సు కండక్టరు చేతికిస్త.
నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్...
ఎన్నడూ పట్నం పోని మారయ్య
మూడు మిల్లీలీటర్లు పోయిండు.

మర్నాడు పొద్దుగూకినంక ఫోను: పదకొండు.
పది నుంచి ఇరవై నడుమ. గీతల లోపలే.
కొత్త డాక్టరు కేసుషీటు తిప్పిండు,
"ఇంకో వంద పెంచుదామా సిస్టర్?"
నేను మారయ్య రెప్పలెత్తి చూపిన.
గుడ్లు పక్కకు జారి, గుంజుకొని, మల్ల జారుతున్నయి.
ఇంకో కాగితం ముందు పెట్టిన,
ఆల్బుమిన్ ఒకటీ పాయింట్ ఎనిమిది.
ఆయన లెక్క వేసిండు. మల్ల వేసిండు.
పెన్నుకు మూత పెట్టిండు.
ఈ ఒంట్ల పదకొండంటే
ఇరవై నాలుగు.

బయట అండమ్మకు ఎట్ల చెప్పాలె?
"మందును పట్టుకునే సత్తువ రక్తంల తగ్గిందమ్మా.
పట్టు దొరకనిదంతా మెదడుకే పోతది.
చూస్తే గీత కాడనే ఉన్నది, కని..."
నా మాట పూర్తి కానియ్యలే.
"నురగ లేని లొట్టి అన్నట్టు.
గీత కాడికే ఉంటది.
ఉన్నదంత కల్లే."

ఇరవై ఏండ్ల డ్యూటీల
నాకెవరూ ఇంత సక్కగ చెప్పలే.

డోసు ఆపినం.
ఆ రాత్రి కుర్చీల నడుము వాల్చలే.
తగ్గితే మల్ల ఫిట్సు, మిగిలితే ఇదే మత్తు.
నడుమ ఉన్న జాగ
చెట్టు మీద మారయ్య పాదం ఆనినంత.

నాలుగో తెల్లారి. మల్ల అయిదున్నర.
సిరంజి చింపుతుంటె
కుడిచెయ్యి కదిలింది.
గడియారం చూసిన. మూతి చూసిన, రెప్పలు చూసిన.
అదురుడు కాదు.
నడుము చుట్టు తడుముతున్నది,
ఈ పక్క నుంచి ఆ పక్కకు,
మోకు కోసం.

చార్టుల రాసిన:
అయిదూ ముప్పై నాలుగు. చెయ్యి కదిలింది. ఫిట్సు కాదు.
అదే చెయ్యి పట్టుకొని
మూడు మిల్లీలీటర్లు తీసిన.
బస్సుకు టైమయింది.