హెల్సింకీలో ఉన్నట్టు

కొచ్కోర్ బజారులో నాది ఫోన్లు బాగుచేసే కొట్టు.
పగిలిన అద్దాలు, ఉబ్బిన బ్యాటరీలు,
టీ ఒలికిన స్పీకర్లు, ఇవన్నీ నా చేతికి అలవాటైన జబ్బులు.
బెర్మెత్ అవ్వ ఆ మధ్యాహ్నం తెచ్చింది మాత్రం
ఏ జబ్బూ లేని ఫోను.
తెర మీద ఒకటే వాక్యం:
"ఈ చిత్రం మీ ప్రాంతంలో అందుబాటులో లేదు."

"మా ప్రాంతంలోనే తీశార్రా," అంది.
"మా వాకిట్లో. మూడు రోజులు. నా టీ తాగి."

నిజమే. నిరుడు చలి ముదరకముందు
ఎవరో కెమెరాలతో వచ్చారు.
మొహం అక్కర్లేదన్నారు, చేతులు చాలన్నారు.
ఉన్నిని వేణ్ణీళ్లతో తడిపి, చాపలో చుట్టి, తొక్కి దట్టించి,
రెండు రంగుల పొరలు ఒకదానిమీదొకటి పరిచి
కత్తితో పొట్టేలు కొమ్ములు కోసే చేతులు.
పద్నాలుగు దేశాల్లో చూడొచ్చట వాటిని.
ఆ పద్నాలుగింట్లో
చేతులున్న దేశం లేదు.

నాకు దొడ్డిదారి తెలుసు.
కుర్రాళ్లకి యాభై సోములకి చూపిస్తుంటాను.
ఫుట్‌బాల్ కోసం నేనూ వెళ్తాను, పైసా కట్టకుండా.
ఆ మాట అవ్వకు చెప్పలేదు.
ఒక మీట నొక్కాను.
కుర్చీలోంచి కదలకుండా
అవ్వ హెల్సింకీ చేరింది.

"డబ్బు కట్టామా?"
"కట్టాం. నీ చెల్లెలి కొడుకు కార్డు మీద, నెల మొత్తానికి."
"మరి ఇందులో దొంగతనం ఏది?"
"ఎక్కడున్నామన్నదే అబద్ధం, అంతే."

తేలిగ్గా తీసుకుంటుందనుకున్నాను.
దొంగతనం ఆవిడకి తెలియనిది కాదు.
కూతురి పెళ్లికి తను గీసుకున్న కొమ్ముల నమూనా
ఇప్పుడు ప్లాస్టిక్ చాపల మీద అచ్చై
నాలుగు కొట్ల అవతలే, మూడు వందలకొకటి.
ఆ వరసలో ఆవిడ అడుగు పెట్టదు.

"గుర్రమ్మీద పోయేవాణ్ణి
మొదట అడిగేది ఏ ఊరు నాయనా అనేగా.
దానికి బొంకినవాడికీ రొట్టె పెట్టేవాళ్లం,
పెట్టకపోతే ఎట్లా,
కానీ ఆ రాత్రి మా గుర్రాల దగ్గరే పడుకునేవాళ్లం."

"కొచ్కోర్ అని చెప్తే తలుపు తియ్యరు, అవ్వా."
"ఎందుకు తియ్యరు?"

జవాబు సగమే చెప్పగలిగాను.
సినిమాని దేశం దేశంగా అమ్ముకుంటారు,
అట్లా అమ్మితేనే తీసినవాడి అప్పు తీరుతుంది,
మన దేశానికి బేరమే రాలేదు.
ఎవడూ కొనని చోట చూస్తే ఎవరి సొమ్ము పోయింది?
రేపెవడో కొందామని వచ్చి
"అందరూ చూసేశార్లే" అని వెనక్కి పోతే?
మిగతా సగం నాకూ తెలియదు.

సాయంత్రం ఆవిడ గదిలో పదిహేడు మందిమి,
ఒక్క చందా.
చేతులు కనిపించింది పదకొండు క్షణాలు.
ఎవరూ కిక్కురుమనలేదు.
"కత్తి కాస్త ఎడమకి వంగింది," అంది అవ్వ.
"మళ్లీ వెయ్యి."

రెండు పొరలూ ఒకే కోతకి తెగుతాయి.
ఎర్ర కొమ్ము తెల్ల నేలలోకి,
తెల్ల కొమ్ము ఎర్ర నేలలోకి.
ఒక్క కత్తికి ఇద్దరు తోబుట్టువులు, పీచు కూడా వృథా పోదు.
తెల్ల నేలది సినిమావాళ్లు కొనుక్కుపోయారు.
ఎర్ర నేలది పరుచుకుని
దాని మీదే కూర్చుని చూశాం.

వచ్చేటప్పుడు రెండు యాభై నోట్లు చేతిలో పెట్టింది.
"ఒకటి నీకు. ఒకటి
ఆ తలుపు దగ్గర కూర్చున్నవాడికి."
ఎవరికి పంపాలో తెలియక
ఆ రెండోది ఇంకా నా స్క్రూల డబ్బాలోనే ఉంది.

దారి మూసెయ్యడం మరిచిపోయాను.
వారం రోజులుగా ఆవిడ ఫోను హెల్సింకీలోనే ఉంది.
నిన్న పొద్దున్నే కొట్టు ముందు నిలబడి
ఎండకి కళ్లు చిట్లించి అడిగింది:
"అక్కడ వాన పడుతోందట కదరా సిర్గాక్,
ఉన్ని ఆరేశాను,
తీసెయ్యమంటావా?"