చెంపదెబ్బల లెక్క

ఆమె ఆస్తి ఎంతని నన్నడుగుతారు,
సెలూన్లో, జీప్నీలో, చర్చి మెట్ల మీద కూడా.
ఇరవై రెండేళ్ళుగా ఆమె గౌన్ల కుట్లు విప్పి మళ్ళీ వేసినదాన్ని,
నడుము కొలతైతే చెప్పగలను, ఏ ఏడాదికాయేడు.
డబ్బు సంగతంటే
నా నోటుబుక్కు తెరవాలి.

మొదటి పేజీలో చెంపదెబ్బలున్నాయి.
మిలెట్ సెరానో తెర మీద కొట్టినవి
తొమ్మిది వందల పన్నెండు.
కట్ అనగానే ఐసు ముక్క రుమాల్లో చుట్టి
ఆ పిల్ల బుగ్గకి తానే అద్దేది.
దాన్నెవరూ కెమెరాలో పట్టలేదు.
రాత్రి ఎనిమిదింటికి మనీలా అంతా కంచాల ముందు కూర్చుని
ఆమెను తిట్టుకుంటూ తినేది.
సీరియల్ రాని రోజున అన్నం సయించలేదని
సెబూ నుంచి ఒకావిడ ఉత్తరం రాసింది.

మెడలో వజ్రాలా? గాజువి. నేనే దారంతో కట్టాను.
కొక్కెం తెగితే పిన్నీసు.
శవయాత్ర సీనుకి ముత్యాల కమ్మలు దొరక్క
నా పెళ్ళి కమ్మలు పెట్టుకుంది.
నలభై ఎపిసోడ్లు ఏడ్చి ఇంటికొచ్చాయవి
కొంచెం పౌడరు వాసనతో.

ఇల్లుంది, అంతిపోలో కొండ మీద.
కిటికీలోంచి ఊరి దీపాలన్నీ కనబడతాయి.
బ్యాంకు కాగితంలో మాత్రం ఇల్లు కనబడదు, అప్పు కనబడుతుంది.
తమ్ముళ్ళిద్దరి ఓడ చదువులు,
చెల్లెలి డయాలసిస్, వారానికి మూడుసార్లు,
బికోల్లో ప్రతి తుపానుకీ ఎగిరిపోయే
ఆ ఒకే ఒక్క రేకుల కప్పు.
లాండ్రీ కొట్టొకటి. అందులో సగం మెషిన్లు ఎప్పుడూ నిద్రే.

డిందో.
ఆ పేరు దగ్గర నా పెన్ను ఆగుతుంది.
బాస్కెట్‌బాల్ కోచి. నవ్వితే ఎవరైనా అప్పిస్తారు,
ఆమె ఇచ్చింది.
ఇక్కడ విడాకులుండవు.
పెళ్ళి మొదట్నించీ చెల్లనే చెల్లదని కోర్టులో రుజువు చెయ్యాలి.
జరిగినదాన్ని జరగలేదనిపించడానికి ఆరేళ్ళు పట్టింది.
తీర్పు రోజున షూటింగుంది,
పెళ్ళికూతురి ముసుగు చింపే సీను.
ఒకే టేకు.
సూది తీశాను.
"ఉండనీ పాసింగ్, కుట్టకు" అంది.

మరికినా బజార్లో చారింగ్ అనే చేపలామె
తొమ్మిదేళ్ళు ఆమెకు చేప అమ్మలేదు.
"అనాథ పిల్లని మెట్ల మీంచి తోసిన చేతికి
నా తక్కెడ తూగదు" అనేది, కత్తి ఆపకుండా.
మిలెట్ కారులో ఉండిపోయి నన్ను పంపేది.
ఎవరికోసమో తెలుసు కాబట్టి
చారింగ్ పొలుసులు తీయకుండా పడేసేది.

పోయినేడు ఆ పాత్రను చంపేశారు.
రేటింగులు పడ్డాయట,
లిఫ్టు గోతిలో ఆమె కూడా పడింది.
యాభై మూడేళ్ళు. కొత్త కాంట్రాక్టు రాలేదు.
మర్నాడు పొద్దున్నే తానే సంచి పట్టుకుని బజారుకొచ్చింది,
మొహానికేమీ రాసుకోకుండా.
చారింగ్ తలెత్తింది. కళ్ళు వాచిపోయున్నాయి.
మూడు పాలచేపలు తీసి, పొలుసులు గీకి, పొట్టలు కడిగి,
ముల్లుముల్లూ ఏరి,
జనం వెనక నుంచి అరుస్తున్నా తొందరపడకుండా ఏరి
సంచిలో వేసింది.
డబ్బు తీసుకోలేదు.
"పోయావు కదమ్మా, ఇంకా ఏం పగ?"

మిలెట్ తడి నేల మీద అలాగే నించుంది
ఏ సీనులోనూ నేనెరగని మొహంతో.

ఆ మర్నాడే పన్నులాయన వచ్చాడు.
ఇల్లు, కొట్టు, పాత కారు అని చెప్పింది.
ఇంకేమైనా ఉన్నాయా అన్నాడు.
నేను నోటుబుక్కు తీసి, మూడు చేపలన్నాను.
ఆయన నవ్వలేదు,
ఏ గడిలో రాయాలని అడిగాడు.
"రెండే రాసుకోండి" అంది మిలెట్,
"ఒకటి రాత్రి తినేశాం."