ముత్లా మీదుగా

రాత్రి రెండున్నర. జాబ్రియాలో, గేటు ముందర
మోకాళ్ల మీద కూచోని టైర్లలో గాలి చూస్తాండా.
నా బండి వెనక ఇరవై అడుగుల కారవాన్.
ఆరు పడకలు, ఒక పొయ్యి, పూలపూల తెరలు,
ముసలామె దుప్పట్లో చుట్టిచ్చిన
నడుము సన్నని టీ గాజులు, ఇస్తికానాలు, పన్నెండు.
ఒక ఇంటిని కొక్కేనికి తగిలించుకొని
సుబియా ఎడారిలో దించాల.

మిషాల్ బాబు ఫోన్ చూపించినాడు.
నీలం గీత సముద్రం మీద నేరుగా ఉండాది.
"వంతెన మీద ముప్పావుగంట, సీదా" అని
లోపలికి పోయి పండుకున్నాడు.

ఫోన్‌కు గాలి తెలీదు.
తల మీది తువ్వాలు విప్పి పైకెత్తినా.
వాయవ్యం నుంచి చలికాలపు గాలి.
తువ్వాలు అడ్డంగా నిలబడింది
చేయి చాపిన పోలీసు మాదిరి.
నీళ్ల మీద అంత పొడుగునా
ఎడం పక్క ఒక గోడ ల్యా, ఒక చెట్టు ల్యా.
ఆ గాలికి పక్కటెముకలు చూపిస్తే
కారవాన్ తోక ఊపుతాది.
మొదట కొంచెం. ఆ కొంచెమే పాడు.
బ్రేకు తొక్కితే ఇంకా ఊపుతాది.

ఓబులేసు అన్నాడు: "ఇసకలో అడ్డం పడి పోదాం అన్నా,
నిన్నటి టైర్ల గుర్తులు ఉంటాయి."
మొన్న వాన పడింది.
ఉప్పునేల పైన పొక్కు కట్టి తెల్లగా నవ్వుతాది,
కింద గంజి.
పోయినేడు నీళ్ల ట్యాంకరు ఒకటి ఇరుసుదాకా దిగి
మూడు రోజులు అట్లే ఉన్నింది,
డ్రైవరు దాని నీడలో రొట్టె తింటా.

ఇంక మిగిలింది జహ్రా రోడ్డు, ముత్లా గుట్ట.
రెండింతల దూరం.
గుట్ట అని వాళ్లు అంటారు.
గువ్వలచెరువు ఘాట్ దిగినోనికి అది గట్టు.
ఇరవై రెండేళ్ల వయసులో ఎర్రగుంట్ల బండలు
ట్రాలీ నిండా పేర్చుకొని ఆ ఘాట్ దిగినా.
సగం దిగినాక తెలిసింది
మనం లాగుతాండామనుకునేది
మనల్ని తోస్తాండాదని.
ట్రాక్టరు ఆగింది. ఒక బండ మాత్రం ఆగలే.
ఎడంకాలి బొటనవేలికి ఇప్పటికీ
చలి అందరికంటే ముందు తెలుస్తాది.

జహ్రా దారిలో గాలి ముఖానికి కొడతాది. కొట్టనీ.
ముఖానికి కొట్టేదాన్ని ఓర్చుకోవచ్చు,
పక్కన కొట్టేదాన్ని కాదు.

నీళ్ల డబ్బాలు వెనక నుంచి ముందరికి మార్చినా.
ముక్కు బరువుంటేనే తోక అణిగి ఉంటాది.
గొలుసు ఇంకోసారి బిగించినా.
ఓబులేసు ఆవలించినాడు.

అరవై దాటలే.
లారీలన్నీ హారన్ కొట్టి, తిట్టి, దాటిపోయినాయి.
ముత్లా ఎక్కేటప్పుడు గాలి సన్నగిల్లింది.
గాలి పోతే ఏమొస్తాదో నాకు తెలుసు.
దిగేతల మంచు.
ఎదురొచ్చే లైట్లు పత్తిలో గుచ్చిన అగ్గిపుల్లలు.
పెట్రోలు బంకు పక్కన గంటన్నర ఆపేసినా.
మిషాల్ బాబు నాలుగు సార్లు ఫోన్ చేసినాడు.
నాలుగు సార్లూ "వస్తాండా" అన్నా.
బండి ఆపుకొని చెప్పినా అది అబద్ధం కాదు.

చేరేసరికి పొద్దు బారెడెక్కింది.
వంతెన మీద తన కార్లో ముందే వచ్చిన మిషాల్
గడియారం చూపించినాడు.
నేనేం మాట్లాడలే.
ముసలామె అల్మారా తెరిచి, దుప్పటి విప్పి,
ఇస్తికానాలు లెక్కపెట్టింది
అరబ్బీలో, నిదానంగా.
పదకొండు దగ్గర ఆగింది.
పన్నెండోది ఓబులేసు చేతిలో ఉండాది,
బంకు దగ్గరి టీ మరకతో.

చక్రాల కింద రాళ్లు పెట్టి కొక్కెం విప్పినా.
బండి ఒక్కసారి వెన్ను పైకి లేపింది.

తిరిగి వచ్చేటప్పుడు గాలి ల్యా, మంచు ల్యా,
వెనక ఏమీ ల్యా.
అయినా ప్రతి మలుపుకూ
అద్దంలో చూసుకుంటానే ఉండా.