నిల్ రిటర్ను

మట్టెవాడల జిరాక్స్ షాపు మీద అర్ర నాది.
మెట్లెక్కేటోళ్ల చెప్పుల చప్పుడుకే తెలిసిపోతది
నోటీసొచ్చినోడెవడో, ఫీజు ఎగ్గొట్టేటోడెవడో.
ఎగ్గొట్టేటోడు మెత్తగ నడుస్తడు.

ఇయ్యాల జూలై ఇరవై.
పొద్దుగాల్నుంచి ముసురు.
పోర్టల్ మీద చిన్న చక్రం తిరుగుతనే ఉంది,
నూనె రాల్చని గానుగ.

ఎనుమాముల యార్డు నుంచి యాకయ్య సేటు
బిల్లులన్నీ మిర్చి సంచిల ఏసి పంపిండు.
కాగితం ఇప్పితే తుమ్ము,
తుమ్మితే ఒక పద్దు తప్పు.
ఫోన్ చేస్తే, "ఏదో ఒకటి కొట్టు బిడ్డా, నీకు తెల్వదా?"
ఆ ఏదో ఒకటి ఏందని రేపు ఆఫీసోళ్లు అడిగితే
"మా మేడమే కొట్టింది" అంటడు.

లష్కర్‌బజార్ లెక్కల సారు
అత్త సంతకం పెట్టిన కిరాయి రసీదులు తెచ్చిండు.
పన్నెండు నెలలకూ ఒకటే పెన్ను, ఒకటే వణుకు.
"సార్, ఆ ఇల్లు మీదే గద?"
"మా తోడల్లునికి ఒకాయన నలభై వేలు వాపస్ తెప్పిచ్చిండు"
అన్నడు నన్ను ఎగాదిగా చూసుకుంట,
ఆ నలభై వేలు నా డెస్కుల దాచినట్టు.

మెడికల్ షాపు కట్టమల్లు చిట్టి ఎత్తి
నెలనెలా ఏ ఖాతాకు పంపుతుండో నాకెరుక.
స్టీలు సామాన్ల గోవర్ధన్‌జీ ఎఫ్‌డీ ఇరిచింది
వాళ్లింట్ల కంటె ముందు నాకే తెలిసింది.
అందుకే పెండ్లిల ఎదురైతే
అటు తిరిగి పెరుగు వడ్డించుకుంటరు.

"తిన్నవా?" అని మా ఆయన ఫోన్.
"తిన్న."
నేను దాఖలు చేసే తప్పుడు లెక్క ఇదొక్కటే,
అనుకునేదాన్ని.

రాత్రి పదకొండు. కొత్తవాడ నుంచి ఓదేలన్న.
తడిసిన గొడుగు మెట్ల కాన్నే నిలవెట్టి వస్తడు.
అడగకముందే ఫీజు టేబుల్ మీద పెట్టేది
నా క్లయింట్లల్ల ఆయనొక్కడే.
అంగి జేబుల రెండు ఫోన్లు.
ఒకటి ఆయనది.
రబ్బరు బ్యాండు చుట్టిన మీటల ఫోను
సాంబలక్ష్మక్కది.

జంపఖానాల ఫర్మ్ ఆమె పేరు మీద.
ఆమె పోయి పదకొండు నెలలు.
అమ్మకం సున్న. కొనుగోలు సున్న.
మగ్గం మీద సగం నేసిన ఎర్రపట్టీ
అట్లనే ఉందట.

"రద్దు చేసుకోవాలె ఓదేలన్నా,
ఇట్ల వేస్తే రేపు నా మెడకు సుట్టుకుంటది."
"ఈ నెలకెయ్యి మేడం, వచ్చే నెల చూద్దాం."
ఈ మాట పది సార్లు విన్న.
ఈసారి గట్టిగ చెప్పాలనే కూసున్న,
రద్దు ఫారం ముందే తెరిచి పెట్టిన.

కారణం అని ఒక గడి. ఒత్తితే కిందికి జారే వరుస:
వ్యాపారం మూసివేత. బదిలీ. యజమాని మరణం.
బాణం గుర్తు ఆడ ఆపి ఆయన దిక్కు చూసిన.
ఆయన నా తెర చూస్తలేడు,
రబ్బరు బ్యాండు ఇప్పుతుండు.

"రద్దుకు గూడ నంబరు దీనికే వస్తదా?"
"దీనికే."
"తర్వాత ఇగ రాదా?"

కింద జిరాక్స్ పిలగాడు షట్టర్ సగం దించిండు.
ఆ ఫోను నెలకొక్కసారి మోగుతది.
మోగిచ్చేది నేనే.
ఇన్నొద్దులు నాకా సంగతి తట్టనే లేదు.

ఫారం మూసిన. ఇంకోటి తెరిచిన.

పదకొండు యాభై ఎనిమిదికి చిన్న తెర వెలిగింది.
అద్దాలు పెట్టుకొని ఒక్కొక్క అంకె
తెగిన పోగు ఎతికినట్టు చదివిండు.
ఐదో అంకె కాడ ఆగిండు.

నేను తొందరపెట్టలే.
పన్నెండు దాటితే ఇరవై రూపాయలు జుర్మానా,
నా ఫీజుల కెళ్లి పోనీ అనుకున్న.